అప్‌డేట్: ఎప్పుడూ నేనే వినాల్సి వచ్చే స్నేహం చివరికి ఏమైందంటే

నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను: పదకొండేళ్లుగా నాకున్న స్నేహితురాలు తన కష్టాలు చెప్పుకోవడానికే ఫోను చేస్తుంది, మాట్లాడాక నా ఒంట్లో సత్తువ ఉండదు, ఇలా అనుకోవడం స్వార్థమా అని. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనికొచ్చింది "నెల రోజులు రాసి చూడండి" అన్న సలహా. ప్రతి ఫోను తర్వాత ఒక్కటే రాసుకున్నాను: నా గురించి ఏమైనా అడిగిందా? 14 సార్లలో రెండుసార్లు అడిగింది. అందులో ఒకటి, అమ్మకు ఆపరేషన్ అని నేనే చెప్పిన రోజు. "అయ్యో, ఎలా ఉంది?" అంది. నేను నోరు తెరిచేలోపే తన మేనేజరు సంగతి ఎత్తుకుంది. ఆసుపత్రి వరండాలో నిలబడి ఇరవై నిమిషాలు ఊఁ కొట్టాను. ఆ పేజీ ఇప్పటికీ దాచుకున్నాను.

నీరసానికి థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించమన్నారు కదా, అన్నీ మామూలుగానే ఉన్నాయి. అయినా చేయించుకోవడం మంచిదే. కౌన్సెలర్ చెప్పింది వేరు: ఎవరు బాధపడినా తీర్చాల్సింది నేనే అనుకోవడం నా చిన్ననాటి అలవాటట. అపరాధభావం కలిగినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదని కూడా అన్నారు. ఆ మాటకు అక్కడే ఏడ్చేశాను.

చివరికి నేరుగా చెప్పాను: "రోజూ వినలేను. నా సంగతులు కూడా నువ్వు వినాలి." కోపగించుకుంది. నిష్ఠూరపు సందేశాలు రెండు వారాలు వచ్చాయి, ఒక్కదానికే జవాబిచ్చాను, తర్వాత ఆగిపోయాయి. తనకు పంపాలని రాసి ఎన్నోసార్లు దిద్దుకున్న పెద్ద ఉత్తరం అవసరమే రాలేదు.

ఆదివారం రాత్రుళ్లు తను గుర్తొస్తుంది. కానీ ఫోను మోగితే గుండె దడదడలాడటం లేదు. అమ్మ కోలుకుంది.