పాత జైలు చూడటం సరే, 500 కట్టి ఒక రాత్రి ఖైదీగా ఉండటం సబబేనా?

మంజీర తీరం:
మా బాబు చిన్నప్పుడు సంగారెడ్డి పాత జైలు చూపించడానికి తీసుకెళ్లాం. 1796లో, నిజాం పాలనలో కట్టిన జైలు అది. ఖైదీలను కంది దగ్గరి కొత్త జైలుకు మార్చాక, 2016లో దాన్ని మ్యూజియం చేశారు. అప్పుడే 'ఫీల్ ది జైల్' అని ఒకటి మొదలుపెట్టారు. 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీలా ఉండనిచ్చేవాళ్లు. ఖద్దరు బట్టలు, పళ్లెం, గ్లాసు, పక్కబట్టలు వాళ్లే ఇచ్చేవాళ్లు. జైలు భోజనమే తినాల్సి వచ్చేది, ఫోన్ ఉండేది కాదు, గది మనమే ఊడ్చుకోవాల్సి వచ్చేది. ఉండలేక మధ్యలో బయటికొస్తే ఇంకో 500 జరిమానా వేసేవాళ్లు.

ఊచలు పట్టుకుని నవ్వుతున్న బాబు ఫొటో మొన్న ఫోన్‌లో బయటపడింది. వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. అది చూసి, "అలాంటి చోటు ఎక్కడున్నా సరే, ఈ పుట్టినరోజుకి ఫ్రెండ్స్‌తో ఒక రాత్రి ఉంటాం" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఎందుకు ఒప్పలేదో వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. జైలు చూడటం తప్పని నేననను. కానీ ఒకరి శిక్ష ఇంకొకరికి సరదా కావచ్చా? మీరేమంటారు?

బీదర్ రోడ్డు:
అక్కా, నేను 2017లో అక్కడ ఒక రాత్రి ఉన్నాను. మేం ముగ్గురం సరదాకే వెళ్లాం, దాచేదేం లేదు. సాయంత్రం దాకా ఒకటే నవ్వులు. చీకటి పడ్డాక వార్డరు తాళం వేసి వెళ్లాడు. ఆయన చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా విన్నాం, ఆ తర్వాత మాలో ఎవరికీ మాట రాలేదు. లైటు ఆర్పలేదు. టైమెంతయిందో తెలియదు. చేయి ఊరికే ఫోన్ కోసం జేబు మీదికి పోతుంది, ఆ చొక్కాకు జేబే లేదు. పొద్దున టీ వచ్చేసరికి మావాడొకడు జరిమానా కట్టయినా ఇంటికి పోదామంటున్నాడు.

అంతకుముందు టీవీలో ఎవరికైనా రిమాండ్ అని వస్తే "బాగా అయింది" అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నోటికి రాదు. పంపించండక్కా. వంద సార్లు చెప్పినా ఎక్కనిది ఒక్క రాత్రిలో ఎక్కుతుంది.

ములాఖత్ లైన్:
అన్నా, మీ మంచి మనసును నేను కాదనను. కానీ మీరు చూసింది జైలు కాదు.

మా అన్న విచారణ ఖైదీగా నాలుగు నెలలున్నాడు. ఏ జైలో చెప్పను. తర్వాత కేసు కొట్టేశారు. అక్కడ గోడలు, అన్నం, దోమలు ఎలాగోలా అలవాటవుతాయట. ఎప్పుడు బయటపడతామో తెలియకపోవడమే మనిషిని తినేస్తుంది. మీరు లోపలికి వెళ్లేటప్పుడే ఎప్పుడు బయటికొస్తారో మీకు తెలుసు. ఉండలేకపోతే 500 కడితే సరి. మా అన్నకు బెయిల్ వచ్చాక కూడా షూరిటీ ఇచ్చేవాళ్లు దొరక్క ఇంకో పదకొండు రోజులు లోపలే ఉన్నాడు. మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇలా విచారణలో ఉన్నవాళ్లే, ఇంకా శిక్ష పడనివాళ్లు.

ములాఖత్‌కి వెళ్లిన మొదటిరోజు మా అమ్మ అన్నకిష్టమని కొత్తావకాయ సీసా పట్టుకెళ్లింది. గేటు దగ్గర లోపలికి పంపలేదు. జాలీకి అటు వాడు, ఇటు మేము, ఇరుపక్కలా యాభైమంది ఒకేసారి అరుస్తుంటే ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? అమ్మ సీసా ఎత్తి చూపించింది. అన్న తలూపాడు. ఆ సీసా ఇంటికి తెచ్చి అటక మీద పెట్టింది, వాడు వచ్చేదాకా మూత తియ్యలేదు. 500 టికెట్‌లో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

అండమాన్ తెలుగు:
మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. మా ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం, మాకు మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే. చుట్టాలొస్తే సెల్యులార్ జైలుకు తీసుకెళ్లేది నేనే.

1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేశారు. మధ్య గోపురం చుట్టూ ఏడు వరసలు కట్టారు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక్కో గది పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఒక వరస ముందువైపు ఇంకో వరస వెనకగోడే కనిపిస్తుంది. మనిషికి మనిషి కనపడకూడదని అలా కట్టారు. గానుగకు కట్టి రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయించేవాళ్లు. 1933 నిరాహారదీక్షలో బలవంతంగా పాలు పోస్తే మహావీర్ సింగ్‌తో సహా ముగ్గురు చనిపోయారు. రంప తిరుగుబాట్లలో పట్టుబడిన మన్యం మనుషులను కూడా ఈ దీవులకే పంపారు.

ఆ గానుగ దగ్గర నవ్వుతూ ఫొటో దిగేవాళ్లను రోజూ చూస్తాం. బాధేస్తుంది. అయినా రావద్దని అనను. జనం రాకపోతే ఆ మిగిలిన మూడు వరసలనూ ఎవరు పట్టించుకుంటారు? కానీ ఇక్కడ రాత్రికి ఒక గది అద్దెకిస్తామంటే మాత్రం మేమొప్పుకోం. అది 1979 నుంచి జాతీయ స్మారకం.

ములాఖత్ లైన్:
నమస్తే అండీ. మీరు చెప్పింది నిజం. ఒక్క మాట అడగాలనుంది. అండమాన్‌లో అద్దెకిస్తే తప్పు, సంగారెడ్డిలో ఇస్తే తప్పు కాదా? అక్కడ ఉన్నవాళ్లు దేశం కోసం వెళ్లారు, ఇక్కడున్నవాళ్లు దొంగలు, హంతకులు అనేగా? సెల్యులార్ జైల్లో మామూలు నేరాలకు శిక్షపడ్డవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లూ ఆ గానుగలే తిప్పారు. సంగారెడ్డి గోడల మధ్యనా రెండు వందల ఏళ్లపాటు మనుషులే ఉన్నారు. వాళ్ల పేర్లు రాసిన పలక లేదు కాబట్టి అక్కడ పుట్టినరోజు చేసుకోవచ్చంటే నేనొప్పుకోను.

బీదర్ రోడ్డు:
నిన్న రాత్రి నుంచి మీ పోస్టు నాలుగుసార్లు చదివాను. పలక మాట నాకెప్పుడూ తట్టలేదు. నేనున్న గదిలో అంతకుముందు ఎవరున్నారని నేనడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు. ఆ రాత్రి నాకు మంచే చేసింది, అది మాత్రం వెనక్కి తీసుకోను. పుట్టినరోజుకైతే వద్దక్కా. చూడాలనుంటే పగలు తీసుకెళ్లండి.

మంజీర తీరం:
బాబుతో మాట్లాడటానికి ఇప్పుడు నాకు మాటలు దొరికాయి. సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళ్దామా అని వాళ్ల నాన్న అంటున్నారు. అక్కడి గదుల కొలతలు నేనే చెప్పి తీసుకెళ్తాను. తమ్ముడూ, మీ అన్న సంగతి వాడికి చెప్పొచ్చా? ఊరూ పేరూ లేకుండానే చెప్తాను.

ములాఖత్ లైన్:
చెప్పండక్కా. ఆవకాయ సీసా సంగతి తప్పకుండా చెప్పండి. అన్న వచ్చిన రోజు మూత తీస్తే పైనంతా బూజు పట్టేసింది. అమ్మ పారబోయబోతే వాడు ఒప్పుకోలేదు. పైబూజు తీసేసి, అడుగున ఉన్న ముక్కలు అన్నంలో కలుపుకుని తిన్నాడు.