అప్‌డేట్: రాత్రి బువ్వ తిన్నంక ఇంటిల్లిపాదీ చూసే షో అడిగిన కదా, చూసినం

హన్మకొండలో మా ఇంట్ల అమ్మ, బాపు, పిల్లలు ఒక్కదగ్గర కూర్చొని చూసేటట్టు నెత్తురు, బూతులు లేని తెలుగు షోలు చెప్పమని అడిగిన. చెప్పినోళ్లందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.

ముందు 'సివరపల్లి' పెట్టినం. 2020ల వచ్చిన హిందీ 'పంచాయత్'కు ఇది తెలుగు రీమేక్, 2025 జనవరిల వచ్చింది. హిందీది నేను ముందే చూసిన. కథ అదే అయినా, మన యాసల వింటుంటే పాణం లేచొచ్చింది. అండ్ల ఊరికి పేరుకు సర్పంచ్ భార్యనే, పెత్తనం మాత్రం భర్తది. ఆ భర్తగా మురళీధర్ గౌడ్ మాట్లాడుతుంటే బాపు ఒకటే నవ్వుడు. పల్లెటూరోళ్లను ఎక్కడా ఎకసెక్కం చేయలే, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఇసొంటివి ఇంకా రావాలె. పంచాయతీ సెక్రటరీగా రాగ్ మయూర్ బాగ చేసిండు గని, నడుమల కొన్ని ఎపిసోడ్లు హిందీదాని నీడలనే నడిచినయనిపించింది.

'నైంటీస్' (2024) అమ్మకు ఎక్కువ నచ్చింది. శివాజీ లెక్కల సార్ పాత్రల ఒదిగిపోయిండు. పైసా పైసా చూసుకునే ఆ ఇల్లు మాకు కొత్త కాదు. పిల్లలకు మార్కుల గొడవ మస్తు అర్థమైంది.

పాటల పోటీ 'పాడుతా తీయగా' సరేసరి, 1996 నుంచి ఉన్నదే. బాలు గారు లేని లోటు తీరేది కాదు, అయినా ఆయన కొడుకు చరణ్ శ్రద్ధగా నడిపిస్తున్నడు.

ఒకరు చెప్పిన క్రైమ్ సిరీస్ మాత్రం మొదటి ఎపిసోడ్‌లనే ఆపేసినం, పిల్లలతోని చూసేది కాదు.