సర్పగంధ టిష్యూ కల్చర్ మొక్కలు వాడిపోతున్నాయి, ఏం చేయాలి?

కడియం నర్సరీ:
సర్పగంధ గింజ సరిగ్గా మొలవదని ల్యాబ్ మొక్కలు (తల్లి మొక్క ముక్క నుంచి సీసాలో పెంచినవి) తెప్పించాం. సీసాలో నవనవలాడుతున్నాయి, కుండీలోకి మార్చిన మర్నాటికే తలలు వాల్చేస్తున్నాయి. ఒండ్రుమట్టిలోనే పెట్టాం. టెన్షన్‌గా ఉందండీ.

రాజమండ్రి ల్యాబ్:
కంగారుపడకండి. సీసాలో గాలి నిండా తేమే కాబట్టి ఆకు మీద మైనపు పొర సరిగ్గా ఏర్పడదు, ఆకు రంధ్రాలూ సరిగ్గా మూసుకోవు. బయటికి రాగానే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది. వేళ్లకు జిగురుగా అంటుకున్న అగార్‌ను (సీసాలో మొక్క పెరిగే జెల్లీని) నీళ్లలో మెల్లగా కడిగేయండి. అందులో మామూలుగా లీటరుకు 30 గ్రాముల పంచదార ఉంటుంది, కాస్త మిగిలినా బూజు పడుతుంది. మన ఒండ్రుమట్టి బరువు, లేత వేరుకు గాలాడదు. బాగా కడిగిన కొబ్బరి పొట్టులో నాటి, నీడలో పెట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పండి. కొత్త ఆకు వేశాక కవర్‌ను రోజూ కొంచెం కొంచెంగా తెరవాలి. ఇక్కడే ఓపిక కావాలి.

అమలాపురం:
గోదావరి నీళ్లు చల్లొచ్చా?

రాజమండ్రి ల్యాబ్:
కాచి చల్లార్చి చల్లండి. ఇంకోటి, తల్లి మొక్క వేరులో రిసర్పిన్ (మందుకు వాడే పదార్థం) ఎంతుందో మొక్కలిచ్చిన ల్యాబ్‌ వాళ్లను తప్పక అడగండి. తల్లిలో తక్కువుంటే పిల్లల్లోనూ ఎక్కువ ఆశించలేం.