4హెచ్‌కి తిప్పితే లైటు మిణుకుతోంది, ఫోర్‌వీల్ పడట్లేదు

ప్రశ్న: అన్నా, స్విచ్‌తో ఫోర్‌వీల్ పడే డీజిల్ పికప్. వాగు దాటినప్పట్నుంచీ 4హెచ్ (ఫోర్‌వీల్ హై) లైటు మిణుకుతోందే గానీ పడట్లేదు. ఫ్యూజులు బాగున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

— తమ్ముడూ, ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం ఆన్‌లో ఉంచు. ఒకరు స్విచ్ తిప్పుతుంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టె) దగ్గర విను. ఫోర్‌వీల్ వేసే మోటారు చప్పుడే లేకపోతే దాని కనెక్టర్ ఊడదీసి చూడు. నీళ్లు దిగితే పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనివ్వు.

— ఎర్తు కూడా చూడండి. మోటారుకి కరెంటు వెళ్తుండగా ఎర్తు వైరుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మల్టీమీటరు పెట్టండి. 0.2 వోల్టులు దాటితే బోల్టు విప్పి తుప్పు గీకాల్సిందే. ఇది చూడకుండానే మంచి మోటార్లు మార్చేస్తున్నారు.

— మోటారు తిరిగినా లైటు ఆగకపోతే పొజిషన్ సెన్సర్‌ని (మోటారు ఎక్కడిదాకా తిరిగిందో చెప్పేది) అనుమానించాలి. స్కానర్‌తో ఫాల్ట్ కోడ్ చదివించండి, ఫోర్‌వీల్‌ని నడిపే కంట్రోల్ యూనిట్ జోలికి ఆఖర్నే.