అప్‌డేట్: బ్రేక్ పెడల్ గట్టిపడటం, ఎర్ర లైటు వెలగడం – కారణాలు దొరికాయి

మా 2008 పెట్రోల్ కారులో బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడింది, మలుపుల్లో ఎర్ర బ్రేక్ లైటు వెలిగి ఆరిపోతోంది అని మూడు వారాల క్రితం ఇక్కడే అడిగాను. ఇప్పుడు రెండూ పోయాయి. సమాధానాలు రాసిన అందరికీ థాంక్స్.

"ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు పెడల్ తొక్కండి, తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయండి, కాస్త కిందికి దిగాలి" అని ఒకరు చెప్పారు. మాది దిగలేదు. మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజిన్ నుంచి బూస్టర్‌కి (ఇంజిన్ పీల్చే బలంతో పెడల్‌ని తేలిక చేసే భాగం) వెళ్లే వాక్యూమ్ గొట్టాన్ని వేళ్లతో వంచాడు. క్లిప్పు పక్కనే వెంట్రుకంత పగులు! వంచగానే తెరుచుకుని 'స్స్' మని గాలి పీల్చింది. దాన్ని వేలితో మూస్తే ఇంజిన్ వణుకు కూడా తగ్గింది. నెలల నుంచి ఐడ్లింగ్ సరిగా లేకపోవడానికీ అదే కారణమన్నమాట. గొట్టం, గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ మార్చాడు. బూస్టర్ బాగానే ఉంది.

లైటుది వేరే కథ. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు బాగా అరిగి, డబ్బాలో బ్రేక్ ఫ్లూయిడ్ మినిమమ్ గీత దాకా దిగిపోయింది. మలుపులో ఫ్లూయిడ్ ఒకవైపు ఒరిగితే, దానిమీద తేలుతూ లెవెల్ చూసే ఫ్లోట్ పడిపోయి లైటు వెలిగేది. ఎక్కడా లీకు లేదని చూసుకున్నాకే ప్యాడ్లు మార్చాడు. కొత్త ప్యాడ్ల కోసం, వాటిని నొక్కే పిస్టన్లు వెనక్కి నెట్టగానే లెవెల్ పైకొచ్చింది.

మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని బ్రేకులకి నెట్టే భాగం) పోయిందేమోనని నేను పడ్డ టెన్షన్ అనవసరం. లైటుకి కారణం హ్యాండ్‌బ్రేక్ స్విచ్ కూడా కాదు. కానీ ఆ పెడల్‌తోనే వారం రోజులు పాపని స్కూల్లో దింపాను, దయచేసి మీరలా నడపకండి.

మొన్న శ్రీశైలం ఘాట్ దిగాం. పెడల్ మెత్తగా ఉంది, లైటు ఒక్కసారి కూడా వెలగలేదు.