ల్యాబ్‌లో లినక్స్: సొంత ఇన్‌స్టాలర్ రాద్దామా, ప్రీసీడ్‌తో సరిపెడదామా?

ల్యాబ్‌తాళాలు

అందరికీ నమస్తే. విశాఖలో మధురవాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబులు చూసుకుంటాను. రెండు ల్యాబులు, 60 మెషీన్లు. అందులో 34 పాతవి: 4 జీబీ ర్యామ్, పాత బయోస్ (ఆన్ చేయగానే మెషీన్‌ను లేపే ప్రోగ్రామ్). మిగతా 26 కొత్తవి: బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ, వేగమైన ఎన్‌వీఎంఈ డిస్కులు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పాతవాటిలో విండోస్ 11 ఎక్కదు. అందుకని సెలవుల్లో అన్నిట్లో లినక్స్ పెట్టేయమని పైనుంచి మాట వచ్చింది.

ఇంతవరకు నా పద్ధతి ఏమిటంటే, నాలుగు పెన్‌డ్రైవులు జేబులో వేసుకుని వరసగా తిరగడం. ప్రతి మెషీన్ దగ్గరా అవే ప్రశ్నలు, అవే జవాబులు. పోయినసారి మూడు రోజులు పట్టింది. తీరా చూస్తే పదకొండు మెషీన్లలో టైమ్‌జోన్ తప్పు, రెండిట్లో నేను పెట్టిన పాస్‌వర్డ్ నాకే గుర్తులేదు.

ఈసారి నెట్‌వర్క్ బూట్ (పెన్‌డ్రైవ్ లేకుండా, వైరు మీదుగా సర్వర్ నుంచే మెషీన్‌ను లేపడం) చేద్దామని అందరం ఒప్పుకున్నాం. గొడవ దాని తర్వాతది. ఫైనలియర్ పిల్లలు నలుగురు "ఇన్‌స్టాలర్ మేమే రాస్తాం సార్, తెలుగులో, కాలేజీ లోగోతో" అంటున్నారు. లోగో అన్న మాట వినగానే హెచ్‌ఓడీ గారు పడిపోయారు. నేనేమో డెబియన్ (ఒక రకం లినక్స్) ఇన్‌స్టాలర్‌కి ప్రీసీడ్ ఫైల్ ఒకటి ఇస్తే చాలంటున్నాను. తెలియనివాళ్ల కోసం: ఇన్‌స్టాలర్ అడగబోయే ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు రాసిపెట్టే ఫైల్ అది. మీరేమంటారు?

దొండపర్తి పాతకాపు

మీదే రైటు మాస్టారూ. ఇన్‌స్టాలర్ అంటే నాలుగు స్క్రీన్లు, కింద ఒక ప్రోగ్రెస్ బార్ అని పిల్లలు అనుకుంటారు. ఆ స్క్రీన్లు వారంలో అయిపోతాయి. అసలు పని డిస్కు దగ్గర ఉంటుంది. ఒకదాంట్లో పాత రెయిడ్ (డిస్కులను జత కట్టే పద్ధతి) గుర్తులు మిగిలి ఉంటాయి, ఇంకోదాంట్లో ఎవడో ఎల్‌వీఎం (డిస్కుల జాగాను కలిపి పంచే పద్ధతి) పెట్టి మర్చిపోయి ఉంటాడు, మరోదాంట్లో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) నిండిపోయి ఉంటుంది. ఇవన్నీ ఎదురుపడ్డాకే తెలుస్తాయి, ముందు ఊహించి రాయలేం.

ఫెడోరా లినక్స్ వాళ్లు తమ అనకొండ ఇన్‌స్టాలర్‌ని 18వ వెర్షన్‌కి తిరగరాశారు. 2012 నవంబర్‌లో రావాల్సిన ఫెడోరా 18 ఎప్పుడొచ్చిందో తెలుసా? 2013 జనవరి 15న. జీతాలిచ్చి ఆ పని మీదే కూర్చోబెట్టిన ఇంజినీర్లున్నా పరిస్థితి అది. మీ నలుగురు పిల్లలకు మధ్యలో సెమ్ ఎగ్జామ్స్ కూడా ఉంటాయి.

సొంత ఓఎస్ మోజు హెచ్‌ఓడీ గారొక్కరిదే కాదు లెండి. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ కూడా డెబియన్ మీదే కట్టారు. ఉన్నదాని మీద కట్టుకోవడంలో సిగ్గేమీ లేదు.

ఫైనలియర్

ఆ నలుగురిలో నేనొకణ్ని సార్. మేం పార్టిషన్ కోడ్ మొదట్నుంచీ రాస్తామని అనలేదు. కలామరీస్ అని ఉంది, ఇన్‌స్టాలర్లు కట్టుకోవడానికి. చాలా డిస్ట్రోలు (లినక్స్ రకాలు) అదే వాడుతున్నాయి. అసలు భాగం సీప్లస్‌ప్లస్, మనం కలిపే మాడ్యూళ్లు పైథాన్‌లో రాసుకోవచ్చు. రోల్ నంబరు, ల్యాబ్ నంబరు అడిగే పేజీ ఒకటి, మెషీన్ పేరు దానంతటదే పెట్టే మాడ్యూల్ ఒకటి. మాది అంతే.

ఇంకో సంగతి దాచకుండా చెప్తాను. ప్రీసీడ్ ఫైల్ పట్టుకెళ్లి ఇదే మా ప్రాజెక్ట్ అంటే వైవాలో నవ్వుతారు సార్.

దొండపర్తి పాతకాపు

తమ్ముడూ, కలామరీస్ మంచిదే. కానీ అది ఎలా పనిచేస్తుందో చూడు. ముందు లైవ్ సిస్టమ్ (డిస్కు ముట్టకుండా నడిచే లినక్స్) మొత్తం లేవాలి, ఆ తర్వాత ఆ ఇమేజ్‌నే డిస్కు మీదకు విప్పుతుంది. పెన్‌డ్రైవ్ అయితే ఇబ్బంది లేదు. నెట్‌వర్క్ మీద అంటే లైవ్ ఇమేజ్ మొత్తం వైరు మీద రావాలి. 3 జీబీ అనుకో. మామూలుగా అది ర్యామ్‌లోకి దిగుతుంది. మీ పాత మెషీన్లకు ఉన్నదే 4 జీబీ. ఉబుంటు డెస్క్‌టాప్ 24.04 ఐఎస్ఓ అయితే అసలు అందులో పట్టనే పట్టదు.

ఇక లెక్క కట్టు. 34 మెషీన్లు, ఒక్కోదానికి 3 జీబీ, మొత్తం 102 జీబీ. పాత ల్యాబ్ స్విచ్ 100 ఎంబీపీఎస్‌ది అయితే సెకనుకు 12 మెగాబైట్లు వస్తే గొప్ప. రెండు గంటల ఇరవై నిమిషాలు. అదీ ఎవరూ మధ్యలో ప్లగ్గు పీకకుండా ఉంటే.

ఫైనలియర్

ఒప్పుకుంటా సార్. కానీ మీ డెబియన్ ఇన్‌స్టాలర్ డెస్క్‌టాప్ ప్యాకేజీలను గాల్లోంచి తెస్తుందా? అవీ ఆ వైరు మీదే రావాలిగా? ర్యామ్ సంగతికొస్తే, ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచే పద్ధతి) మీద పెడితే ఇమేజ్ మొత్తం దించక్కర్లేదు, కావాల్సిన ముక్కలే వస్తాయి.

దొండపర్తి పాతకాపు

పాయింటే. వైరు లెక్కలో నేను నాకు అనుకూలంగా కొంచెం తూకం వేశాను. కానీ ప్యాకేజీలు నేరుగా డిస్కుకి పోతాయి, ర్యామ్‌లో కూర్చోవు. ఎన్ఎఫ్ఎస్ పెడితే లింక్ ఒక్క క్షణం పోయినా లైవ్ సిస్టమ్ బిగుసుకుపోతుంది. మీ ల్యాబ్ వైరింగ్ ఎలాంటిదో మీ మాస్టారునే అడుగు.

క్లోన్‌రాజా

ఇంత చర్చ ఎందుకు గురూ? ఒక మెషీన్‌లో శుభ్రంగా ఇన్‌స్టాల్ చెయ్యి, క్లోన్‌జిల్లాతో డిస్కు మొత్తానికి ఇమేజ్ తియ్యి, మల్టీకాస్ట్‌లో వదులు. డేటా ఒక్కసారి పంపితే చాలు, 34 మెషీన్లూ ఒకేసారి అందుకుంటాయి. గాజువాకలో మా ట్రైనింగ్ సెంటర్‌లో ఐదేళ్లుగా అదే పని. ఇన్‌స్టాలర్ గొడవే లేదు.

తెరచాప

క్లోన్‌రాజా గారూ, ఇమేజ్ తీసేముందు మెషీన్ ఐడీ (ప్రతి మెషీన్‌కీ వేరుగా ఉండాల్సిన నంబరు) ఖాళీ చేస్తున్నారా? చేయకపోతే అన్నీ కవలపిల్లలే. ఉబుంటు సర్వర్‌లో డీహెచ్‌సీపీకి (మెషీన్లకు ఐపీ అడ్రసులు పంచే సర్వీసు) ఇచ్చే గుర్తింపు ఆ ఐడీ నుంచే పుడుతుంది, నెట్‌వర్క్ కార్డుకుండే మ్యాక్ అడ్రస్ నుంచి కాదు. పది వర్చువల్ మెషీన్లు క్లోన్ చేసి, పదింటికీ ఒకే ఐపీ వస్తుంటే సగం రోజు స్విచ్‌ని తిట్టుకున్నదాన్ని నేను. ఎస్ఎస్‌హెచ్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు మెషీన్‌ను గుర్తుపట్టేవి) కూడా అన్నిట్లో అవే ఉంటాయి. పైగా ఈయన దగ్గర సగం బయోస్, సగం యూఈఎఫ్ఐ. ఒక ఇమేజ్‌తో పోదు.

ఇక మిగతా ఇద్దరికీ. మీ వాదన చూస్తే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఇన్‌స్టాలర్ వరకు మెషీన్ చేరితే కదా! ల్యాబ్‌తాళాలు గారూ, మీ కాలేజీలో డీహెచ్‌సీపీ ఎవరి చేతిలో ఉంది?

ల్యాబ్‌తాళాలు

నెట్‌వర్క్ కాంట్రాక్టరు చేతిలో మేడమ్. రౌటర్ పాస్‌వర్డ్ మాకివ్వరు. ఫోన్ చేస్తే "రేపొస్తాం" అంటారు.

తెరచాప

అనుకున్నా. అయితే ఇంకో డీహెచ్‌సీపీ సర్వర్ మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. రెండూ ఐపీలు పంచడం మొదలుపెడితే ఆఫీసులో ఫీజు కౌంటర్ దగ్గర్నుంచి అన్నీ ఆగుతాయి. మీ సర్వర్‌లో డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్‌ని ప్రాక్సీ మోడ్‌లో పెట్టండి. ఐపీ ఎప్పట్లాగే రౌటరే ఇస్తుంది. బూట్ ఫైల్ ఎక్కడుందో ఒక్కటే మీ సర్వర్ చెప్తుంది. రౌటర్ ముట్టుకునే పనే లేదు.

తర్వాత, మెషీన్ అడిగేటప్పుడు డీహెచ్‌సీపీ ఆప్షన్ 93 అనే గడిలో తను ఏ రకమో చెప్తుంది. పాత బయోస్ అయితే 0, 64 బిట్ యూఈఎఫ్ఐ అయితే 7. దాన్నిబట్టి ఫైల్ వేరుగా ఇవ్వాలి. కొత్తవాటిలో సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రామ్‌ని లేవనివ్వని కాపలా) ఆన్‌లో ఉంటే మీరు కంపైల్ చేసుకున్న ఐపీఎక్స్ఈ లోడర్ ఎక్కదు, సంతకం ఉన్న షిమ్, గ్రబ్ లోడర్లు వాడాలి.

టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లు పంపే పాత పద్ధతి) మీద పెద్ద ఫైళ్లు పెట్టుకోకండి. మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. ముక్కల నంబరుకు ఉన్నది 16 బిట్లే కాబట్టి పాత అమలుల్లో 32 ఎంబీ దాటితే కథ అక్కడే ఆగుతుంది. ముక్క సైజు పెంచే పద్ధతి 1995లోనే వచ్చింది, కానీ బూట్ రామ్ (నెట్‌వర్క్ కార్డులోని చిన్న బూట్ ప్రోగ్రామ్) దాన్ని అడగాలి. లోడర్ ఒక్కటి టీఎఫ్‌టీపీలో ఇచ్చి, కెర్నల్ (లినక్స్ గుండెకాయ), ఇనిట్‌ఆర్డీ (దానితో పాటు లేచే చిన్న ఫైల్‌సిస్టమ్) హెచ్‌టీటీపీలో ఇవ్వండి.

క్లోన్‌రాజా

మేడమ్ చెప్పిన ఐడీ సంగతి ఇవాళ చూశాను. మా 20 మెషీన్లలో ఒకటే ఐడీ. మావి డెస్క్‌టాపులు కాబట్టి ఐపీలు బాగానే వస్తున్నాయి గానీ, ఎస్ఎస్‌హెచ్ కీలూ అన్నిట్లో ఒకటే. ఈ ఐదేళ్లూ దేవుడే కాపాడాడు.

ల్యాబ్‌తాళాలు

ఆదివారం ట్రయల్ వేశాం. రిపోర్టు.

కొత్త ల్యాబ్: మెషీన్ ఆన్ చేస్తే డీహెచ్‌సీపీ ఆఫర్ ఏదీ రాలేదని చెప్పి డిస్కుకి పోతోంది. సర్వర్ లాగ్‌లో మెషీన్ అడిగినట్టే లేదు. రెండోసారి వెంటనే రీట్రై నొక్కితే మాత్రం వస్తోంది! గంటన్నర బుర్ర బద్దలుకొట్టుకున్నాం.

పాత ల్యాబ్: ఐపీ వస్తోంది, బూట్ ఫైల్ పేరు రాలేదంటూ ఈ53 ఎర్రర్. ఇది నా తప్పే, 7కి రాసి 0కి రాయడం మర్చిపోయాను.

తెరచాప

మొదటిది స్పానింగ్ ట్రీ, అంటే వైర్లు లూప్ కాకుండా స్విచ్ పెట్టే కాపలా. మేనేజ్డ్ స్విచ్‌లో లింక్ లేచాక పోర్టు 15 సెకన్లు వింటుంది, 15 సెకన్లు నేర్చుకుంటుంది. ఆ 30 సెకన్లూ మీ ప్యాకెట్ ముందుకి పోదు. ఈలోగా బూట్ రామ్ విసిగి మానేస్తుంది. మీ స్విచ్‌లో ఆ ఆలస్యం తీసేసే పోర్ట్‌ఫాస్ట్ ఆన్ చేయండి, మెషీన్లున్న పోర్టులకు మాత్రమే.

ల్యాబ్‌తాళాలు

మేడమ్, మీకు దండం. ఆ స్విచ్ పాస్‌వర్డ్ అదృష్టం కొద్దీ డబ్బా మీదే అంటించి ఉంది. పోర్ట్‌ఫాస్ట్ పెట్టగానే 26కి 26 మెనూ చూపించాయి.

పాత ల్యాబ్‌లో 17వ మెషీన్ ఒక్కటే మొండికేసింది. లింక్ లైటు వెలుగుతుంది, ఆరుతుంది. ప్లగ్గు తీసి ఫోన్ టార్చి వేసి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము. ఆ కిటికీ అద్దం పగిలి రెండేళ్లయింది, సముద్రం గాలి నేరుగా దాని మీదకే. కొత్త ప్లగ్గు క్రింప్ చేయాలి.

ఇంకోటి, ఇది నవ్వుకోవడానికి. ఐదు పాత మెషీన్లలో ప్రీసీడ్‌తో ఇన్‌స్టాల్ పెట్టి టీకి వెళ్లాం. వచ్చేసరికి ఇంకా ఇన్‌స్టాల్ అవుతూనే ఉంది. ఇంత నెమ్మదా అనుకున్నాం. లాగ్ చూస్తే అది రెండో రౌండు. బయోస్‌లో నెట్‌వర్క్ బూట్ మొదట ఉంది కదా, పని అయ్యాక రీబూట్ అయి మళ్లీ ఇన్‌స్టాలర్‌లోకే వెళ్లింది. మేం ఇంకో టీ తాగి ఉంటే మూడోది కూడా అయ్యేది.

దొండపర్తి పాతకాపు

నవ్వే సంగతి కాదు మాస్టారూ. అదే మెనూ రేపు అకౌంట్స్ సెక్షన్ మెషీన్‌కి కూడా వెళ్తుంది, ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే. వాళ్లు పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేస్తారు, ప్రీసీడ్ ఏమీ అడగదు, డిస్కు తుడిచేస్తుంది. మెనూలో డీఫాల్ట్ ఎప్పుడూ లోకల్ డిస్కే ఉండాలి. ఇన్‌స్టాల్ మీరు అనుమతించిన మ్యాక్‌లకే. పీఎక్స్ఈలినక్స్ (ఒక నెట్‌వర్క్ బూట్ లోడర్) అయితే మ్యాక్ పేరుతో ఉన్న ఫైల్‌ని డీఫాల్ట్ కంటే ముందే వెతుకుతుంది, కాబట్టి పని సులువు. ఇన్‌స్టాల్ చివర్లో సర్వర్‌కి ఒక కబురు పంపించి ఆ ఫైల్ తీసేయించండి.

నా సొంత పాపం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ప్రీసీడ్‌లో డిస్కు పేరు ఎస్‌డీఏ (లినక్స్ మొదట కనిపించిన డిస్కుకి ఇచ్చే పేరు) అని రాసి వదిలేశాను. ఇరవై మెషీన్లూ బాగానే అయ్యాయి. ఇరవై ఒకటోదానికి వెనక ఎవరో సార్ ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి మర్చిపోయారు. ఆ బూట్‌లో అదే ఎస్‌డీఏ అయింది. ఆయన మూడు బ్యాచ్‌ల మెటీరియల్, కూతురి పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఫోటోలు కొన్ని వెనక్కి తెచ్చాం, ఫైళ్ల పేర్లు మాత్రం పోయాయి. తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. ఆ పేర్లు ప్రతి బూట్‌కీ మారొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఫైనలియర్

సార్, అయితే మేం రాయాల్సింది అదే కదా? పార్టిషన్ మొదలయ్యేముందు ఒకే ఒక్క స్క్రీన్. ఏ కంపెనీ డిస్కు, ఎంత సైజు, యూఎస్‌బీదా, లోపల ఇప్పటికే ఏమైనా ఉందా అని తెలుగులో చూపించాలి. అనుమానం ఉంటే ఆగిపోవాలి. ప్రీసీడ్‌లో పార్టిషన్‌కి ముందు మన స్క్రిప్ట్ నడిపే చోటు ఉందని చూశాను. సర్వర్ వైపు మ్యాక్‌ల పేజీ కూడా మేమే చేస్తాం.

దొండపర్తి పాతకాపు

ఇది నాకు నచ్చింది. కానీ రెండు చిక్కులు. ఆ ఇన్‌స్టాలర్‌లో పైథాన్ ఉండదు, బిజీబాక్స్ అనే చిన్న కమాండ్ షెల్‌లోనే రాయాలి. రెండోది, టెక్స్ట్ కన్సోల్ మీద తెలుగు ఒత్తులు కూర్చోవు, అందుకే డెబియన్ తెలుగును గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తుంది. నెట్‌బూట్‌లో ఆ గ్రాఫికల్ రకం విడిగా ఉంది, అది తీసుకోండి. నెట్‌బూట్ ఫైళ్లు కూడా మీ మిర్రర్‌తో (ప్యాకేజీల కాపీ ఉండే సర్వర్) సమానంగా కొత్తవై ఉండాలి. కెర్నల్ తేడా వస్తే మాడ్యూళ్లు దొరకలేదని మధ్యలో నిలబడిపోతుంది.

పార్టిషన్‌ని "విభజన" అని మాత్రం రాయకండి. రాష్ట్రం గుర్తొస్తుంది జనానికి.

తెరచాప

ప్యాకేజీలకు క్యాష్ సర్వర్ (ఒకసారి దించినవి మాత్రమే దాచేది) సరిపోతుందా, పూర్తి మిర్రర్ కావాలా అన్నది ఎవరూ మాట్లాడలేదు. నేను మిర్రర్ వైపు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, రోజుల తరబడి కరెంటూ నెట్టూ లేవు. జనరేటర్ మీద సర్వర్లు మళ్లీ లేపుకుంటుంటే, చేతిలో డీవీడీలు ఉన్నవాళ్ల పని నడిచింది.

ఫైనలియర్

మిర్రర్‌కి డిస్కు ఎవరు కొంటారు మేడమ్?

ల్యాబ్‌తాళాలు

ఆ ప్రశ్న హెచ్‌ఓడీ గారి దగ్గర వద్దు తమ్ముడూ, ఇప్పుడే లోగో గురించి అడుగుతున్నారు. ఇన్‌స్టాలర్ డెబియన్‌దే అనేసరికి మొహం మాడ్చుకున్నారు. బూట్ మెనూ వెనక 640 బై 480 పీఎన్‌జీ పెట్టొచ్చని చూపించాను. రెండు సార్లు రీబూట్ చేయించుకుని చూశారు. లోగో ఇంకొంచెం పెద్దది చేయమన్నారు. మిగతాది మీ ఇష్టం అన్నారు.

పిల్లలకు రెండు వారాలు ఇచ్చాం, డిస్కు స్క్రీన్‌కి. ఈలోగా కొత్త ల్యాబ్ 26 నేను దగ్గరుండి చేసేస్తాను.

దొండపర్తి పాతకాపు

17 క్రింప్ చేశారా?

ల్యాబ్‌తాళాలు

చేశాను. ఇప్పుడు 22 పోయింది. అదీ ఆ కిటికీ వరసే.