రాష్ట్ర శాసనసభలో లాబీయింగ్: కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అమెరికాలో ఒక చిన్న 501(సి)(3) సంస్థ (పన్ను మినహాయింపు ఉన్న, లాభాపేక్షలేని సంస్థ) తరఫున రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు కోసం లాబీయింగ్, అంటే సభ్యులను ఒప్పించే పని, చూడాలి. సంస్థకు ఈ పని కొత్త. రిజిస్ట్రేషన్ తప్పనిసరా? ముందు ఎవరిని కలవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
ముందు సెషన్ క్యాలెండర్ తెరవండి. చాలా బిల్లులు ఓటింగ్‌లో ఓడిపోవు, ఓటింగ్ దాకా రాకుండానే గడువు దాటిపోతాయి. టెక్సస్‌ సంగతే చూడండి. రెగ్యులర్ సెషన్ జరిగేది బేసి సంవత్సరాల్లోనే, అది 140 రోజులు మించదు. మామూలు బిల్లులు పెట్టడానికి మొదటి 60 రోజులే సమయం. సెషన్ మొదలయ్యాక బిల్లును సభలో పెట్టే సభ్యుడి, అంటే స్పాన్సర్‌ కోసం వెతికితే ఆలస్యమైనట్టే. ముందే వెతకండి, వీలైతే బిల్లు వెళ్లే కమిటీలోనే ఉన్న సభ్యుణ్ని పట్టుకోండి. చాలాచోట్ల హియరింగ్ (బిల్లుపై వాదనలు వినే సమావేశం) పెట్టాలా వద్దా అన్నది కమిటీ ఛైర్ ఇష్టం. ఛైర్ పక్కన పెట్టేస్తే మిగతా సభ్యులందరి మద్దతు ఉన్నా బిల్లు కదలడం కష్టం.

రెండు సభలున్న రాష్ట్రాల్లో క్రాసోవర్ గడువు (బిల్లు మొదటి సభ దాటి రెండో సభకు చేరాల్సిన చివరి తేదీ) ఉందేమో చూడండి. ఉంటే ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి: సభలో ఓటు, కమిటీ ఓటు, హియరింగ్, డ్రాఫ్టింగ్. నెబ్రాస్కాలో ఒకే సభ, 49 మంది సభ్యులు, కాబట్టి అక్కడ ఈ బెంగ లేదు.

జవాబు 2:
రిజిస్ట్రేషన్ విషయంలో ఊహించుకోవద్దు. జీతం తీసుకుని లాబీయింగ్ చేస్తే ఎంత సమయం, ఎంత సొమ్ము దాటాక నమోదు కావాలన్నది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. కొన్నిచోట్ల సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు, కొన్నిచోట్ల ఎథిక్స్ కమిషన్ చూస్తాయి. సభ్యులకు కాఫీ ఇప్పించినా బహుమతి నియమాలు చదివాకే. కాలిఫోర్నియాలో నమోదైన లాబీయిస్టు ఒక సభ్యుడికి నెలకు 10 డాలర్లకు మించి ఇవ్వకూడదు. బిల్లు పాసైతేనే ఫీజు అనే ఒప్పందం చాలా రాష్ట్రాల్లో నిషేధం.

మీ సంస్థ లాబీయింగ్ చేయవచ్చు, అభ్యర్థుల ప్రచారం మాత్రం అస్సలు కూడదు. పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి 5768 నంబరు ఫారం పంపండి. అప్పుడు పరిమితి అంకెల్లో తేలుతుంది: సంస్థ ఉద్దేశాల కోసం పెట్టే ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్ల మీద 20 శాతం వరకు లాబీయింగ్‌కు వాడొచ్చు. లెక్కలోకి వచ్చేది ఖర్చే కాబట్టి జీతం లేని వాలంటీర్ల సమయం కలవదు. ఈ ఫారం పంపని చిన్న సంస్థలు అనవసరంగా భయపడి నోరు మూసుకుంటున్నాయి, అది నిజంగా బాధాకరం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. సభ్యులు దొరక్కపోతే స్టాఫ్‌ని కలిస్తే చాలా?

జవాబు 3:
చాలదని అనుకోకండి. సభ్యుడికి బ్రీఫింగ్ రాసేది వాళ్లే. ఒకే పేజీ ఇవ్వండి. పైన బిల్లు నంబరు, మొదటి వాక్యంలోనే మీరు కోరేది: "కమిటీలో అనుకూలంగా ఓటు వేయండి." తర్వాత ఆ సభ్యుడి నియోజకవర్గంలో ఎవరికి ఏం మారుతుందో, ఖర్చెంతో, ఎవరు ఎందుకు వ్యతిరేకిస్తున్నారో రాయండి. వ్యతిరేకత దాచిపెడితే అది హియరింగ్‌లో బయటపడుతుంది, అప్పుడు సభ్యుడు ఇబ్బందిపడతాడు. మళ్లీ మీ మాట నమ్మడు.

హియరింగ్‌లో సాక్ష్యానికి తరచూ రెండు మూడు నిమిషాలే ఇస్తారు. రాసిచ్చింది చదవకండి. జవాబు తెలియకపోతే కనుక్కుని పంపుతామనండి, అదే రోజు పంపండి. ఫిస్కల్ నోట్ (బిల్లు వల్ల ప్రభుత్వానికయ్యే ఖర్చు అంచనా) రాగానే చదవండి: ఖర్చు ఎక్కువ వేస్తే ఆర్థిక కమిటీలో బిల్లు ఆగుతుంది, కాబట్టి ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో స్పాన్సర్ ఆఫీసు ద్వారా అడగండి. సవరణ వచ్చిన ప్రతిసారీ మొత్తం పాఠం మళ్లీ చదవండి, ఎందుకంటే "చేయాలి" అన్నచోట "చేయవచ్చు" అని మారిస్తే బిల్లు పాసైనా శాఖ మీద బాధ్యత ఉండదు.